ఒకే ఫ్లాట్, ఇద్దరికీ వేర్వేరు వార్డులు: ఎవరిని అడగాలి?

మున్నేకొలాల_మధు
బెంగళూరు కార్పొరేషన్ ఎన్నికల ముసాయిదా ఓటర్ల జాబితా జనవరిలో పెట్టారు కదా, నిన్న రాత్రి కూర్చుని వెతికా. నా పేరు ఒక వార్డులో ఉంది, మా ఆవిడ పేరు పక్క వార్డులో ఉంది. ఒకే ఫ్లాట్, ఒకే డోర్ నంబర్. 2023 అసెంబ్లీకి, 2024 పార్లమెంటుకి ఇద్దరం ఒకే స్కూల్లో ఒకరి వెనక ఒకరు నిలబడి ఓటేశాం. ఇప్పుడు నేను వీధి చివర స్కూలుకి, ఆవిడేమో మెయిన్ రోడ్డు దాటి ఎక్కడికో పోవాలట.

ఇదొక్కటే అయితే సరిపెట్టుకుందును. మూడో అంతస్తులో రెండు కుటుంబాల పేర్లే లేవు. ఖాళీ చేసి పుణె వెళ్లిపోయినవాళ్ల పేర్లు మాత్రం భద్రంగా ఉన్నాయి. మా అసోసియేషన్ సెక్రటరీ గ్రూపులో "అందరూ కొత్తగా ఫారం 6 నింపేయండి, ఒక్క దెబ్బకి అన్నీ సరిపోతాయి" అని మెసేజ్ పెట్టాడు. నాకెందుకో నమ్మకం కుదరట్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

పప్పుచారు
మొగుడూ పెళ్లాలకి రెండు వార్డులంటే ఇద్దరు కార్పొరేటర్లని తిట్టే హక్కు మీ ఇంటికి వచ్చినట్టే. మాకు ఒక్కరు కూడా లేరు. సర్దుకుపోండి.

కేఆర్‌పురం_టీచరమ్మ
ఫారం 6 జోలికి పోవద్దు మధుగారూ. అది మొదటిసారి ఓటు నమోదు చేసుకునేవాళ్లకి. కింద సంతకం పెట్టే చోట "నా పేరు వేరే ఏ జాబితాలోనూ లేదు" అన్న అర్థం వచ్చే డిక్లరేషన్ ఉంటుంది. పేరుండీ దాని మీద సంతకం పెడితే అబద్ధం చెప్పినట్టే. పైగా ఒకే మనిషికి రెండు ఎపిక్ నంబర్లు, అంటే రెండు ఓటరు కార్డు నంబర్లు పుడతాయి. ఎప్పుడో ఎవరో డూప్లికేట్ అని పట్టుకుంటే ఉన్న ఓటుకే ఎసరొస్తుంది.

ఇల్లు మారినా, తప్పులు దిద్దాలన్నా, కార్డు పోయినా ఇప్పుడు అన్నిటికీ ఫారం 8. 2022 ఆగస్టు నుంచి అలా చేశారు. అంతకుముందు నియోజకవర్గం మారితే ఫారం 6 నింపేవాళ్లు, మీ సెక్రటరీ గారికి ఆ అలవాటు పోలేదనుకుంటా. వెళ్లిపోయినవాళ్ల పేరు తీయించడానికి ఫారం 7.

మీ ఇద్దరి సంగతి మాత్రం వేరేలా ఉంది. అసెంబ్లీ జాబితాలో మీ పార్ట్ నంబర్ (ఒక పోలింగ్ కేంద్రం కిందికొచ్చే ముక్క), సెక్షన్ నంబర్ (అందులో వీధి వారీ ముక్క), వీధి పేరు ఎలా పడ్డాయో, ఆవిడవి ఎలా పడ్డాయో పక్కపక్కన పెట్టి చూసి చెప్పండి. నేను సర్కారు స్కూల్లో టీచర్‌ని, బీఎల్‌వో (బూత్ స్థాయి అధికారి, ఇల్లిల్లూ తిరిగి జాబితా సరిచూసే పని) డ్యూటీ కూడా నా నెత్తిమీదే ఉంది. అందుకే అడుగుతున్నా.

బీటీఎమ్_బ్యాచిలర్
అసెంబ్లీ జాబితా, కార్పొరేషన్ జాబితా వేర్వేరా? నేను ఒకటే అనుకున్నా ఇన్నాళ్లూ.

లాయర్_గారబ్బాయి
అసెంబ్లీ, లోక్‌సభ జాబితా భారత ఎన్నికల సంఘానిది. కార్పొరేషన్లు, పంచాయతీల ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం చేతిలో ఉంటాయి. 1992 నాటి 73, 74 రాజ్యాంగ సవరణలతో వచ్చిన ఏర్పాటు ఇది. అయితే రాష్ట్ర సంఘం ఇల్లిల్లూ తిరిగి మళ్లీ మొదట్నుంచీ జాబితా రాయదు. అసెంబ్లీ జాబితానే తీసుకుని వార్డు హద్దుల ప్రకారం కోసుకుంటుంది. కోసేటప్పుడు ఎవరు ఎటు పడతారన్నదే ఇప్పుడు మధు గారి గొడవ.

బెంగళూరులో ఈ కోత మరీ ఎక్కువ. చివరిసారి కార్పొరేషన్ ఎన్నికలు జరిగింది 2015 ఆగస్టులో, అప్పుడు 198 వార్డులు. 2020 సెప్టెంబర్‌లో ఆ కౌన్సిల్ గడువు అయిపోయింది. ఆ తర్వాత 243 అన్నారు, మళ్లీ 225 అన్నారు, ఎన్నిక మాత్రం జరగలేదు. 2025 సెప్టెంబర్‌లో బీబీఎంపీనే, అంటే నగరమంతటికీ ఉన్న ఆ ఒక్క కార్పొరేషన్‌నే, తీసేసి సెంట్రల్, నార్త్, సౌత్, ఈస్ట్, వెస్ట్ అని అయిదు కార్పొరేషన్లు చేశారు. అన్నీ కలిపి 369 వార్డులు. 2026 జూన్ 30 లోపు ఎన్నికలు పూర్తి చేయాలని సుప్రీంకోర్టు గడువు పెట్టాక కదిలారు. అందుకే మీ పాత వార్డు నంబర్ గుర్తుంటే మర్చిపోండి, ఇప్పుడది ఎందుకూ పనికిరాదు.

పప్పుచారు
198, 243, 225, 369. మ్యాచ్ స్కోరులా ఉంది. వికెట్లు మాత్రం మనవే.

హలసూరు_పాతకాపు
మేం ఇక్కడ నాలుగు తరాలుగా ఉన్నాం, ఇంట్లో తెలుగు, బయట కన్నడ. మా వీధి కార్పొరేటర్ ఒకప్పుడు పొద్దున్నే గళ్ల లుంగీ మీద మెట్ల మీద కూర్చుని పేపర్ చదువుతుండేవాడు. మోరీ పొంగిందంటే మా అమ్మ నేరుగా వెళ్లి ఆ పేపర్ మీదే చెయ్యి పెట్టి "ముందు ఇది చూడప్పా" అనేది. ఇప్పుడు మోరీ పొంగితే యాప్‌లో ఫోటో పెట్టమంటారు. పెట్టిన రెండు రోజులకి "పరిష్కరించబడింది" అని మెసేజ్ వస్తుంది. మోరీ ఇంకా పారుతూనే ఉంటుంది. అయిదేళ్లు దాటింది కార్పొరేటర్ అన్న ముఖం చూసి. మధూ, వార్డు ఏదైనా కానీ, ముందు జాబితాలో ఉండేట్టు చూసుకో.

గుంటూరు_ఎక్స్‌ప్రెస్
నాకు ఈ తలనొప్పే లేదు. నా ఓటు ఊళ్లో ఉంది, అక్కడే ఉంటుంది. 2024 మే 13 కి మడివాలలో ప్రైవేట్ బస్సెక్కి పోయా, టికెట్ మూడింతలు పెట్టి. ఆ రాత్రి బస్సంతా మనవాళ్లే, పెళ్లికి పోతున్నట్టు ఉంది. ఇక్కడ అద్దె ఇంట్లో ఉన్నవాడికి కార్పొరేటర్ ఎవరైతే ఏంటి? ఏడాదికో ఇల్లు మారతాం.

సుజాత_వైట్‌ఫీల్డ్
అన్నా, ఏడాదికి పదకొండు నెలలు ఎక్కడుంటున్నారు? మీరు రోజూ పడే గుంత ఏ ఊళ్లో ఉంది? వానాకాలంలో పానత్తూరు వైపు బండి తీసుకుని వచ్చి అప్పుడు చెప్పండి కార్పొరేటర్ ఎవరైతే ఏంటని. ట్యాంకర్ నీళ్లకి మా అపార్ట్‌మెంట్ నెలనెలా పోసే డబ్బు చూస్తే మీ బస్సు టికెట్ ఏపాటి!

అనంతపురం_అనిల్
సుజాతక్కా, నీళ్లు కార్పొరేషన్ చేతిలో లేవు. అది జలమండలి (నీటి సరఫరా బోర్డు) పని, దానికి కార్పొరేటర్‌కీ సంబంధం లేదు. 2024 అక్టోబర్‌లో కావేరి అయిదో దశ మొదలుపెట్టారు, 2007 లో నగరంలో కలిసిన 110 పల్లెల కోసమని, రోజుకి 775 మిలియన్ లీటర్లు. అది ఏ కార్పొరేటరూ తెచ్చింది కాదు. అప్పటికి కార్పొరేటర్లే లేరు కదా.

సుజాత_వైట్‌ఫీల్డ్
సరే నీళ్లు వదిలేద్దాం. వీధి దీపాలు, మోరీలు, లోపలి రోడ్లు, పార్కు? పైపు వేయడానికి రోడ్డు తవ్వి పూడ్చకుండా పోయినప్పుడు ఎవర్ని పట్టుకోవాలి? జలమండలి వాళ్లు కార్పొరేషన్ అంటారు, కార్పొరేషన్ వాళ్లు జలమండలి అంటారు. మధ్యలో నిలబడి ఇద్దర్నీ కూర్చోబెట్టే మనిషి ఒకడు ఉండాలిగా. కార్పొరేటర్ పని అదే.

గుంటూరు_ఎక్స్‌ప్రెస్
చెల్లెమ్మా, నువ్వన్నది కాదనను. కానీ ఊళ్లో అమ్మానాన్న ఉన్నారు, మూడెకరాల పొలం ఉంది, కాలవ నీళ్ల గొడవ ఉంది. ఆ ఊరి పంచాయతీలో నాకంటూ ఒక ఓటుంటేనే నాన్న మాటకి విలువ. "మీవాడి ఓటు బెంగళూరులో కదా" అనేస్తారు లేకపోతే. ఇక్కడ నేనెవరో పక్క ఫ్లాట్‌వాడికి కూడా తెలీదు.

కరీంనగర్_పోరడు
అన్న చెప్పింది కరెక్టే. డిసెంబర్ల మా దగ్గర సర్పంచ్ ఎలక్షన్లు అయినయ్. మా ఊరి క్యాండిడేట్ ఇక్కడ మారతహళ్లికి కారు పంపిండు, నలుగురం పోయినం. దారిల బిర్యానీ కూడా ఆయనదే. ఇక్కడి క్యాండిడేట్ ఎవడన్నా నాకు ఆటో అన్న పంపిస్తడా?

లాయర్_గారబ్బాయి
తమ్ముడూ, ఓటర్లని కార్లో తరలించడం చట్టం ఒప్పదు. కారు సంగతి పబ్లిక్‌గా రాయకుండా ఉంటే మంచిది.

కరీంనగర్_పోరడు
బిర్యానీ ఒక్కటే గుర్తుంది సార్. కారు గుర్తు లేదు.

బీటీఎమ్_బ్యాచిలర్
రెండు చోట్లా పెట్టుకుంటే పోలా? మా ఆఫీసులో ఒకతను 2024 లో ఏప్రిల్ 26 న ఇక్కడ వేశాడు, మే 13 న నెల్లూరులో వేశాడు. ఏమీ కాలేదు.

లాయర్_గారబ్బాయి
ఏమీ కాలేదంటే పట్టుబడలేదని. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 17 ప్రకారం ఒకరి పేరు రెండు నియోజకవర్గాల్లో ఉండకూడదు, సెక్షన్ 18 ప్రకారం ఒకే నియోజకవర్గంలో రెండుసార్లు ఉండకూడదు. అబద్ధపు డిక్లరేషన్ ఇస్తే సెక్షన్ 31 కింద ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇక రెండు చోట్లా ఓటేయడం వేరే కేసు.

గుంటూరు అన్నకి కూడా ఒక మాట. అదే చట్టం సెక్షన్ 20 లో "సాధారణ నివాసం" అంటే ఏంటో ఉంది. ఊళ్లో ఇల్లో పొలమో ఉన్నంత మాత్రాన అక్కడ నివాసం ఉన్నట్టు కాదు. తాత్కాలికంగా బయటికి పోయినవాడి నివాసం మాత్రం పోదు. ఇరవై ఏళ్లుగా బెంగళూరులో ఉండడం తాత్కాలికమా అంటే, అక్కడే ఉంది తంటా.

గుంటూరు_ఎక్స్‌ప్రెస్
మా ఆవిడ దృష్టిలో నేను ఎక్కడున్నా తాత్కాలికమే.

పప్పుచారు
ఆ నెల్లూరు హీరో వేలికి ఏప్రిల్ సిరా ఉండగానే మే సిరా ఎలా పూశారో? తయారయ్యేది పక్కనే మైసూరులో, అంత తేలిగ్గా పోదే.

హలసూరు_పాతకాపు
ఎడమ చూపుడు వేలికి ముందే గుర్తుంటే ఓటు వేయనివ్వకూడదని రూలే ఉంది. అక్కడ కూర్చున్నవాళ్లు చూడలేదంతే. మధ్యాహ్నం మూడింటికి ఆ గదిలో ఉక్కకి ఎవడి వేలు ఎవడు చూస్తాడు.

ఓటు_చోరీ
అసలు మనం మాట్లాడుకునేది మధు గారి మహదేవపుర నియోజకవర్గం గురించి అయితే 2025 ఆగస్టులో ఢిల్లీలో పెట్టిన ప్రెస్ మీట్ మర్చిపోతే ఎలా? ఒకే నియోజకవర్గంలో లక్షకు పైగా దొంగ ఓట్లన్నారు, ఒకే గదిలో 80 మంది అన్నారు. ఇందులో అసలు దొంగలు ఎవరంటే

వేదిక_నిర్వాహకుడు
పై పోస్టులో సగం తీసేశాను. అది ఒక పార్టీ నాయకుడి ఆరోపణ, ఎన్నికల సంఘం తోసిపుచ్చింది, అంతవరకూ చాలు. పార్టీల పంచాయితీ ఇక్కడ వద్దు. పార్ట్ నంబర్ల పంచాయితీ కానివ్వండి.

కేఆర్‌పురం_టీచరమ్మ
రాజకీయం నేనూ మాట్లాడను గానీ జాబితాలో చెత్త ఎలా పేరుకుంటుందో మాత్రం నాకు బాగా తెలుసు.

నాకిచ్చిన పార్ట్‌లో మూడు పెద్ద అపార్ట్‌మెంట్లు, వెనకాల రేకుల ఇళ్ల వరసలు ఉన్నాయి. రేకుల ఇళ్ల దగ్గర పని తొందరగా అయిపోతుంది. గడపలో కూర్చోబెట్టి నీళ్లిచ్చి, పక్కింటివాళ్లు ఎప్పుడు పోయారో కూడా వాళ్లే చెబుతారు. అపార్ట్‌మెంట్లకే లోపలికి పోలేను. గేటు దగ్గర సెక్యూరిటీ ట్యాబ్ పట్టుకుని "ఏ ఫ్లాట్ మేడమ్, ఎవరు రమ్మన్నారు" అంటాడు. జాబితాలో ఉన్న నాలుగు వందల మందిలో ఎవరి పేరు చెప్పను? ఇంటర్‌కమ్ కొడితే ఎత్తరు, ఎత్తినా "మాకేం వద్దు" అని పెట్టేస్తారు. పిజ్జా తెచ్చిన కుర్రాడు నా పక్కనుంచే లోపలికి పోతాడు. ఎండలో జాబితా కాగితాల కట్ట చంకలో పెట్టుకుని అక్కడే నిలబడతా. ఆ కాగితాల్లో ఒక్కో పేరు పక్కన పెన్సిల్‌తో టిక్కు పెట్టాలి. ఇల్లు ఖాళీ చేశారని పక్కవాళ్లు చెప్తే సరిపోదు, ఎవరో ఒకరు ఫారం 7 ఇవ్వాలి, నోటీసు పోవాలి. ఆ ఫారం ఎవరిస్తారు? అందుకే పుణె వెళ్లిపోయినవాళ్లు ఇంకా మీ బిల్డింగ్‌లో ఉన్నారు.

ఇంటి నంబర్ కాలమ్ ఇంకో కథ. సగం మందికి అక్కడ సున్నా ఉంటుంది. ఫారం నింపేటప్పుడు ఫ్లాట్ నంబర్ రాయాలా, సర్వే నంబర్ రాయాలా, ఆస్తి ఖాతా నంబర్ రాయాలా తెలీక వదిలేసినవే ఎక్కువ. అసెంబ్లీ పార్ట్ ఒక ముక్కగా ఉన్నన్నాళ్లూ ఇబ్బంది లేదు. ఇప్పుడు కొత్త వార్డు గీత ఆ పార్ట్ మధ్యలోంచి పోతే, ఎవర్ని ఎటు వేయాలో వీధి పేరు చూసే తేల్చాలి. వీధి పేరు తప్పుంటే మనిషి అవతల పడతాడు.

ఇంత పనికీ ఏడాదికి ఆరు వేలు ఇచ్చేవారు. 2025 లో పన్నెండు వేలు చేశారు. బడి పని ఎలాగూ తప్పదు.

సుజాత_వైట్‌ఫీల్డ్
టీచరమ్మగారూ, చదువుతుంటే సిగ్గేసింది. రేపే మా అసోసియేషన్‌తో మాట్లాడతా. ఒక ఆదివారం క్లబ్ హౌస్‌లో టేబుల్, కుర్చీ వేస్తే మీలాంటివాళ్లు వచ్చి కూర్చోరా?

కేఆర్‌పురం_టీచరమ్మ
కుర్చీ, ఒక ఫ్యాను. అంతకంటే ఏం కావాలమ్మా. మీ బ్లాకుల వారీగా ఎవరున్నారు, ఎవరు పోయారు అని అసోసియేషన్ దగ్గర ఎలాగూ లెక్క ఉంటుంది, అది కూడా పట్టుకురమ్మనండి.

అనంతపురం_అనిల్
ఒక్క జాగ్రత్త. వచ్చింది నిజంగా బీఎల్‌వోనా అని చూసుకోండి. 2022 లో ఇక్కడే ఒక సంస్థ మనుషులు ఓటరు అవగాహన పేరుతో బీఎల్‌వోల్లా ఇళ్లకి వచ్చి వివరాలు పట్టుకుపోయారని పెద్ద గొడవ అయింది, అరెస్టులు కూడా జరిగాయి. మా ఇంటికీ ఎవరో వచ్చి కులం అడిగారు. ఓటరు ఫారంలో కులం కాలమ్ ఎక్కడుంది? మీ పార్ట్‌కి బీఎల్‌వో ఎవరో ఎన్నికల సంఘం సైట్‌లో పేరుతో సహా ఉంటుంది. అనుమానం ఉంటే 1950 కి ఫోన్ చేయొచ్చు.

మున్నేకొలాల_మధు
టీచరమ్మగారు చెప్పినట్టు పక్కపక్కన పెట్టి చూశాను. పార్ట్ నంబర్ ఇద్దరిదీ ఒకటే. సెక్షన్ వేరు! నాకు "1వ మెయిన్" అని ఉంది, మా ఆవిడకి "1వ క్రాస్" అని ఉంది. మా బిల్డింగ్ మూల మీద ఉంది, గేటు మెయిన్‌లోకి, వెనక గోడ క్రాస్‌లోకి. ఇన్నాళ్లూ ఒకే పార్ట్ కాబట్టి తేడా తెలియలేదు. ఇప్పుడు వార్డు గీత ఆ క్రాస్ వెంబడే పోయిందట.

కేఆర్‌పురం_టీచరమ్మ
అనుకున్నా. రెండు పనులు చేయండి. ముసాయిదా మీద అభ్యంతరం రాసి కార్పొరేషన్ ఆఫీసులో ఇవ్వండి, మీ ఇద్దరి ఎపిక్ నంబర్లు, కరెంటు బిల్లు కాపీ జత చేయండి. రసీదు అడిగి తీసుకోండి, ఇవ్వకపోతే కదలకండి. రెండోది, ఆవిడ పేరు మీద ఫారం 8 లో అడ్రస్ దిద్దించండి. అభ్యంతరంతో ఈ ఎన్నికకి పని అవుతుంది, మూలంలో తప్పు ఫారం 8 తోనే పోతుంది. అది దిద్దకపోతే వచ్చేసారి మళ్లీ ఇదే కథ.

మూడో అంతస్తువాళ్ల పేర్లు అసెంబ్లీ జాబితాలో ఉన్నాయో లేవో ముందు చూడమనండి. అక్కడ లేకుండా వార్డు జాబితాలో వెతికి లాభం లేదు. ఎక్కడా ఎప్పుడూ ఓటు లేనివాళ్లయితే ఫారం 6, వేరే ఊళ్లో ఉంటే ఫారం 8. 8 వేస్తే అక్కడ పేరు పోయి ఇక్కడికి వస్తుంది, ఎపిక్ నంబర్ అదే ఉంటుంది.

బీటీఎమ్_బ్యాచిలర్
నాది పీజీ. ఓనర్ అడ్రస్ ప్రూఫ్ ఇవ్వనంటున్నాడు. లెటర్ ఇస్తే పీజీ లెక్క బయటపడి ట్యాక్స్ వేస్తారని భయం. రెంట్ అగ్రిమెంట్ కూడా లేదు. ఇక నాకు ఓటు రానట్టేనా?

లాయర్_గారబ్బాయి
ఓనర్‌తో పని లేదు. నీ ఆధార్‌లో గానీ బ్యాంకు పాస్‌బుక్‌లో గానీ ఇక్కడి అడ్రస్ ఉంటే చాలు. పాస్‌పోర్టు కూడా పనికొస్తుంది. నీ పేరు మీద నీళ్ల బిల్లో కరెంటు బిల్లో గ్యాస్ బిల్లో ఉంటే సరే. అద్దె ఒప్పందమైతే రిజిస్టర్ అయినది అడుగుతారు, మన పదకొండు నెలల స్టాంప్ పేపర్ అగ్రిమెంట్లు చాలావరకు కావు. ఇవేవీ లేకపోయినా దరఖాస్తు కొట్టేయకూడదు, బీఎల్‌వో వచ్చి చూసి రాస్తే సరిపోతుంది. ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్లకి కూడా రాత్రిపూట వచ్చి చూసి ఓటు ఇవ్వాలని ఉంది. నీకు పీజీలో మంచం అయినా ఉంది కదా.

బీటీఎమ్_బ్యాచిలర్
మంచం ముగ్గురికి ఒకటి సార్, కానీ సరే. ఇంకో డౌట్. నాకు 18 నిండి చాలా కాలమైంది కానీ మా తమ్ముడికి మార్చిలో నిండుతాయి. వాడు వచ్చే జనవరి దాకా ఆగాలా?

కేఆర్‌పురం_టీచరమ్మ
అక్కర్లేదు. ఇప్పుడు ఏడాదికి నాలుగు తేదీలు: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1. మార్చిలో నిండితే ఏప్రిల్ 1 లెక్కలోకి వస్తాడు. దరఖాస్తు ముందే పెట్టుకోవచ్చు.

రమణి_హెచ్ఎస్ఆర్
నా పేరు వెతికితే దొరకట్లేదు, మా అత్తగారిది దొరికింది. కార్డు చేతిలో ఉంది. కార్డు చూపిస్తే వేయనివ్వరా?

అనంతపురం_అనిల్
కార్డు ఉండి జాబితాలో లేకపోతే లాభం లేదమ్మా, తిరుగు టపా. జాబితాలో ఉండి కార్డు లేకపోయినా పర్వాలేదు, ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్ లాంటివి డజను దాకా ఒప్పుకుంటారు. పార్టీవాళ్లు ఇచ్చే చీటీ మాత్రం గుర్తింపుగా చెల్లదు.

ముందు పేరుతో కాకుండా ఎపిక్ నంబర్‌తో వెతకండి. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుందా, వెనకుంటుందా అని ఎక్కించేవాడికి తెలీదు. మా నాన్న పేరు ఇంటిపేరుతో వెతికితే లేదు, తాతగారి పేరు కొడితే వచ్చింది. ఎందుకో అడగొద్దు.

రమణి_హెచ్ఎస్ఆర్
ఎపిక్ నంబర్‌తో వచ్చింది! నా పేరు పక్కన మా ఆయన పేరు బదులు మా ఇంటి ఓనర్ పేరు ఉంది. ఇది మా ఆయనకి ఎలా చెప్పాలో.

పప్పుచారు
ఫారం 8 లో "బంధుత్వం దిద్దుబాటు" అని ఉంటుంది. అంతకంటే ఎక్కువ ఏమీ చెప్పకండి.

సుజాత_వైట్‌ఫీల్డ్
పోలింగ్ కేంద్రం దూరం గురించి ఎవరూ మాట్లాడలేదు. రెండు కిలోమీటర్లు మించకూడదని విన్నాను. మాకు లోక్‌సభకి ఇచ్చిన స్కూలు మ్యాప్‌లో కిలోమీటరున్నరే. మధ్యలో రైల్వే లైను. చుట్టూ తిరిగి పోయేసరికి ఎండకి మా మావయ్యగారు కూలబడిపోయారు.

లాయర్_గారబ్బాయి
రెండు కిలోమీటర్ల మాట నిజమే, అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలకి. అలాగే ఒక్కో కేంద్రానికి ఓటర్లు 1500 దాకా ఉండేవాళ్లు, 2025 లో 1200 కి తగ్గించారు. పెద్ద అపార్ట్‌మెంట్ల లోపలే కేంద్రాలు పెట్టొచ్చని కూడా అన్నారు. కార్పొరేషన్‌కి రాష్ట్ర సంఘం విడిగా కేంద్రాల జాబితా వేస్తుంది. ఆ జాబితా వచ్చినప్పుడే రైల్వే లైను సంగతి రాసి ఇవ్వండి. పోలింగ్ రోజున ఎవరూ వినరు.

సుజాత_వైట్‌ఫీల్డ్
మా క్లబ్ హౌస్ ఇస్తామని మేమే రాస్తే?

హలసూరు_పాతకాపు
రాయమ్మా. కానీ వెనకాల రేకుల ఇళ్లవాళ్లూ అదే కేంద్రానికి వస్తారు, ఆ రోజు గేటు బార్లా తీసి ఉంచాలి. మీ అసోసియేషన్ ఒప్పుకుంటుందా అన్నది ముందు కనుక్కో.

సుజాత_వైట్‌ఫీల్డ్
మంచి ప్రశ్న వేశారు పెద్దాయనా. సమాధానం నాకు తెలుసు కాబట్టే ఇంకా అడగలేదు.

కరీంనగర్_పోరడు
ఈసారి ఇక్కడ మిషన్లు లేవట కదా, బ్యాలెట్ పేపరట?

హలసూరు_పాతకాపు
అవును, రాష్ట్ర ఎన్నికల సంఘం అలాగే చెప్పింది. నీకు కొత్త కాదుగా, సర్పంచ్ ఎన్నికలో గుద్దే ఉంటావు. ముద్ర తడిగా ఉండగా అడ్డంగా మడిస్తే అవతలి గుర్తు మీద కూడా అంటుకుంటుంది. నిలువుగా మడవాలి. 80 ల్లో మా మామ కౌంటింగ్ ఏజెంట్‌గా కూర్చుని ఇలా అంటుకున్న చీటీల మీదే రాత్రంతా కొట్లాడేవాడు.

గుంటూరు_ఎక్స్‌ప్రెస్
అయితే లెక్కింపు ఎన్ని రోజులు పడుతుందో. మళ్లీ ఆ బాక్సులు, ఆ కాపలాలు. ఎవరికి లాభమో పైవాడికే తెలియాలి.

వేదిక_నిర్వాహకుడు
మళ్లీ అటు పోతున్నారు. మిషన్ మంచిదా పేపర్ మంచిదా అన్నది ఇక్కడ తేలదు.

మున్నేకొలాల_మధు
అభ్యంతరం ఇచ్చి వచ్చాను. కౌంటర్‌లో అతను ముందు ఆన్‌లైన్‌లో చేసుకోమన్నాడు. ఫైలు తీసి రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి మెయిన్, క్రాస్ చూపించేసరికి వెనక కూర్చున్న ఆవిడ లేచి వచ్చింది. ఆ సెక్షన్‌లో మా బిల్డింగ్‌వాళ్లు ఇంకా చాలామంది అవతల పడ్డారని ఆవిడే చెప్పింది. స్టాంపు వేసిన రసీదు ఇచ్చారు. మిగతా ఫ్లాట్లవాళ్ల పేర్లు కూడా ఒకే కాగితం మీద రాసుకురమ్మన్నారు. సెక్రటరీని అడిగితే "నేను అప్పుడే చెప్పా కదా" అంటున్నాడు.

పప్పుచారు
సెక్రటరీ గారిని మీ వార్డు నుంచి నిలబెట్టండి. లక్షణాలన్నీ ఉన్నాయి.

లాయర్_గారబ్బాయి
పోలింగ్ రోజు కోసం ఒకటి గుర్తుంచుకోండి. మీరు వెళ్లేసరికి మీ ఓటు ఎవరో వేసేసి ఉంటే ఇంటికి వచ్చేయకండి. ప్రిసైడింగ్ ఆఫీసర్‌ని టెండర్ ఓటు అడగండి. మీరే అసలు మనిషని తేలితే విడిగా బ్యాలెట్ ఇస్తారు, కవర్లో వేరుగా పెడతారు. మామూలు లెక్కలోకి రాదు, కానీ కోర్టుకెళితే అదే సాక్ష్యం. అలాగే ఒక మనిషి దొంగ ఓటరని అనుమానం వస్తే ఏజెంట్ చాలెంజ్ చేయొచ్చు, అసెంబ్లీ ఎన్నికల రూల్స్‌లో దానికి డిపాజిట్ రెండు రూపాయలు. 1961 నుంచీ అదే రేటు.

కరీంనగర్_పోరడు
రెండు రూపాయల బిళ్ల దొరకాలె ముందు.

చెన్నై_పెరంబూరు
మధ్యలో దూరుతున్నా. నేను చెన్నైలో ఉంటాను. ఇక్కడ ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణలో 2025 డిసెంబర్ 19 న ముసాయిదా వేస్తే ఒక్క చెన్నై జిల్లాలోనే 14 లక్షలకు పైగా పేర్లు లేవు. మా వీధిలో తెలుగువాళ్లవి చాలా పోయాయి. చనిపోయినవాళ్లు, ఇళ్లు మారినవాళ్లు ఉన్నారు, నిజమే. కానీ ఫారం ఇచ్చినా రానివాళ్లూ ఉన్నారు. మీరు చెప్పిన ఫారాలే ఇక్కడా పనికొస్తాయా?

కేఆర్‌పురం_టీచరమ్మ
ఫారాలు దేశమంతా అవే. మీ దగ్గర పేరు పూర్తిగా పోయి ఉంటే ఫారం 6, దానితో పాటు అక్కడ అడుగుతున్న డిక్లరేషన్ కూడా ఇవ్వాలి. బీఎల్‌వోకి ఇచ్చిన ఫారం రసీదో ఫోటోనో ఉంటే పట్టుకెళ్లండి. పాత జాబితాలో మీ పేరు గానీ అమ్మానాన్నల పేరు గానీ ఉన్న పేజీ దొరికితే దాచుకోండి, ఊళ్లో జాబితా అయినా సరే.

చెన్నై_పెరంబూరు
కార్పొరేషన్ మాకు 2022 ఫిబ్రవరిలోనే అయిపోయింది, 200 వార్డులు. అప్పుడు సగం మంది కూడా ఓటేయలేదు, 43 శాతం చిల్లర. మళ్లీ వచ్చేసరికి ఈ కొత్త జాబితాతోనే కోస్తారు కాబట్టి ఇప్పుడే చూసుకోవాలి. నాన్నగారి ఊరు సూళ్లూరుపేట వైపు, అక్కడి జాబితా ఎక్కడ వెతకాలో కూడా చెబుతారా?

వేదిక_నిర్వాహకుడు
చెన్నై విషయానికి విడిగా చర్చ తెరిచాను, మీ రెండు పోస్టులూ అక్కడ కూడా పెట్టాను. టీచరమ్మగారూ, వీలున్నప్పుడు అటు రండి. సూళ్లూరుపేట జాబితా ఆంధ్రప్రదేశ్ ప్రధాన ఎన్నికల అధికారి సైట్‌లో చూడాలి. తెలిసినవాళ్లు అక్కడే రాయండి.